హెలికాప్టర్ తోకలో పగులు

హెలికాప్టర్ నెత్తిన రోటర్ ఒక దిక్కుకు తిరుగుతుంటే, దాని కింద ఉన్న శరీరం ఎదురు దిక్కుకు తిరిగిపోవాలని చూస్తుంది. దాన్ని నిలబెట్టడానికే వెనక పొడవాటి తోక, ఆ తోక చివర గాలిని పక్కకు నెట్టే చిన్న రోటర్ ఉంటాయి. ఎగిరినంతసేపూ ఆ చిన్న రోటర్ తోకను పక్కకు వంచుతూనే ఉంటుంది. పెద్ద రోటర్ నుంచి కిందికి దిగే గాలి పైనుంచి కొడుతుంది. తోక మీదుగా సాగే డ్రైవ్ షాఫ్టు, చివర ఉండే గేర్‌బాక్సు తమ అదురును తోకకే పంచుతాయి. నేలకు గట్టిగా దిగితే, చివరన వేలాడే బరువంతా ఒక్కసారిగా కిందికి గుంజుతుంది. ఇన్ని బలాలూ చేరేది తోక శరీరానికి అతుక్కునే మొదట్లో, నాలుగైదు బోల్టులో ఒక వలయమో ఉన్న చోటికి. పగులు కోసం మొదట వెతికేదీ అక్కడే.

మన దేశంలో ఎగిరే హెలికాప్టర్ల తోకలు ఒకే తీరున ఉండవు. సియాచిన్ మంచు కొండలకు సామాన్లు మోసిన చీతాకు తోక మీద రేకు లేదు. ఉక్కు గొట్టాలను వెల్డింగ్‌తో కలిపిన జాలీ దూలం బయటికే కనిపిస్తుంది. అక్కడ చూడాల్సింది వెల్డింగ్ అతుకులను. దాని సోదరి చేతక్‌కు మూసి ఉన్న తోక ఉంది. బస్తర్ అడవుల మీదుగా జవాన్లను, గాయపడినవారిని మోసే ఎంఐ-17 తోక, పెద్ద విమానాల పద్ధతిలో కట్టినది. లోపల వరసగా గుండ్రటి ఫ్రేములు, వాటిని కలుపుతూ పొడుగునా సన్నని స్ట్రింగర్లు, పైన వాటికి వేల రివెట్లతో బిగించిన పలచని అల్యూమినియం రేకు. ఈ పద్ధతిలో రేకు కేవలం ముసుగు కాదు, బరువులో పెద్ద భాగం అదే మోస్తుంది. అందుకే దాని మీద చిటికెన వేలంత పగులునైనా రంగు లేచిపోయిన మచ్చలా తీసిపారేయడానికి వీల్లేదు. ఇక బెంగళూరులో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ తయారుచేసే ధ్రువ్ బరువులో నాలుగో వంతుకు పైగా, నార పొరలను జిగురుతో కలిపి చేసే కాంపోజిట్ పదార్థమే. అందులో వచ్చే లోపం తీరే వేరు.

లోహం ఒక్క దెబ్బకు విరగడం అరుదు. అది మోయగలిగిన బరువులో సగమో మూడో వంతో లక్షల సార్లు పెడుతూ తీస్తూ ఉంటే, ఒకనాడు ఏ హెచ్చరికా లేకుండా తెగిపోతుంది. ఇంజనీర్లు దీన్ని ఫటీగ్ అంటారు. ఈ సంగతి అందరి దృష్టికీ వచ్చింది రైళ్ల దగ్గర. 1842లో ఫ్రాన్స్‌లో వెర్సాయ్ నుంచి పారిస్‌కు వస్తున్న రైలు ఇంజను ఇరుసు విరిగి ఘోర ప్రమాదం జరిగింది. తర్వాత జర్మనీ రైల్వే ఇంజనీరు ఆగస్ట్ వ్యోలర్ ఏళ్ల తరబడి ఇరుసులను తిప్పి తిప్పి పరీక్షించి, ఎంత బరువుకు ఎన్ని మార్లకు లోహం విరుగుతుందో లెక్కలు కట్టాడు. విమానాలవాళ్లు నేటికీ వాడే లెక్కలకు పునాది ఆ ఇరుసుల దగ్గరే పడింది.

ఆ కారణంగా ఈ విషయం భిలాయి పాఠకులకు మరీ కొత్తగా ఉండదు. 1959లో మొదటి కొలిమి వెలిగిన భిలాయి ఉక్కు కర్మాగారం భారతీయ రైల్వేకు పట్టాలు తయారుచేస్తుంది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి పనికి వచ్చి అక్కడే స్థిరపడిన తెలుగువారిలో రైల్ మిల్లు సంగతులు తెలిసినవారు ఎందరో. పట్టాలో పగులు, తోకలో పగులు ఒకే శాస్త్రానికి చెందినవి. తేడా లోహంలో ఉంది, లెక్కలో ఉంది.

లెక్క ముందు చూద్దాం. చేతక్ రోటర్‌కు మూడు రెక్కలు, నిమిషానికి సుమారు 350 చుట్లు. ప్రతి రెక్కా దాటినప్పుడు తోకకు ఒక తోపు తగులుతుంది. అంటే నిమిషానికి వెయ్యికి పైగా, గంటకు 63 వేలు. పట్టా సంగతి చూస్తే, 58 వ్యాగన్ల గూడ్సు బండికి ఇంజన్లతో కలిపి దాదాపు 240 ఇరుసులు. పట్టా మీద ఒక చోట 63 వేల దెబ్బలు పడాలంటే అలాంటి బండ్లు 260 పైచిలుకు పోవాలి. హెలికాప్టర్ తోక అన్ని తోపులను ఒక్క గంటలో తింటుంది. అయితే ఇవన్నీ సమానమైన దెబ్బలు కావు. తోకకు తగిలే తోపుల్లో చాలావరకు చిన్నవి, లోహాన్ని పెద్దగా బాధించవు. అసలు నష్టం చేసేవి లేవడం, దిగడం, గట్టి మలుపు, పక్కగాలిలో నిలబడడం. అందుకే గంటల లెక్కతో పాటు ఎన్నిసార్లు దిగిందన్న లెక్క కూడా రాస్తారు. రోజంతా నేరుగా ప్రయాణించే హెలికాప్టర్ కన్నా, పది నిమిషాలకోసారి అడవిలో దిగి లేచే హెలికాప్టర్ తోక ముందు ముసలిదవుతుంది.

ఇక లోహం. ఉక్కుకు ఒక సుగుణం ఉంది. నునుపైన ఉక్కు కడ్డీని దాని బలంలో దాదాపు సగానికి లోపల ఉంచి వంచితే, అది లెక్కలేనన్ని మార్లు ఓర్చుకుంటుంది. అల్యూమినియానికి అలాంటి సురక్షిత గీత లేదు. ఎంత తక్కువ బరువు పెట్టినా, మార్లు పెరిగే కొద్దీ దాని ఓర్పు కొంచెం కొంచెంగా తగ్గుతూనే పోతుంది. అల్యూమినియం బలాన్ని పుస్తకాల్లో రాసేటప్పుడు సాధారణంగా 50 కోట్ల మార్లకు ఇంత అని రాయడం అందుకే. అంతకు మించి హామీ లేదు. అయినా విమానాలకు అల్యూమినియమే ఎందుకంటే ఉక్కు బరువులో మూడో వంతే గనుక. ఉక్కు మాత్రం పట్టాగా మారితే క్షేమమా అంటే, అదీ కాదు. చక్రం పట్టాను తాకే చోటు వేలి గోరంత. అక్కడి ఒత్తిడి ఆ సురక్షిత గీతను దాటేస్తుంది. అందుకే పట్టా కూడా పగులుతుంది.

పగులు ఎప్పుడూ సాపుగా ఉన్న చోట పుట్టదు. రేకుకు గుండ్రటి రంధ్రం పెడితే దాని అంచున ఒత్తిడి చుట్టుపక్కల కన్నా మూడింతలు అవుతుంది. తోకంతా రివెట్ల రంధ్రాలే. వాటికి తోడు తనిఖీ కోసం పెట్టిన కిటికీల మూలలు, నిలువు రెక్క, అడ్డ రెక్క అతికే బ్రాకెట్లు, గేర్‌బాక్సు కాళ్లు ఉన్న చోట్లు. ఎప్పుడో పనివాడి చేతిలోంచి జారిన స్క్రూడ్రైవరు గీసిన గీత చాలు. తుప్పు తిన్న గుంట చాలు. విశాఖ లాంటి సముద్రతీరంలో ఉండే నౌకాదళ హెలికాప్టర్లకు ఉప్పు గాలి ఈ రెండో పని బాగా చేస్తుంది. లోహంలోనే పుట్టుకతో వచ్చిన లోపం ఉన్నా అంతే. భిలాయిలో పట్టా ఉక్కును పోయడానికి ముందు శూన్యంలో ఉంచి హైడ్రోజన్‌ను లాగేస్తారు. పది లక్షల భాగాల్లో 1.6 భాగాలకు మించకూడదన్నది నియమం. హైడ్రోజన్ ఎక్కువైతే చల్లారే ఉక్కు లోపల కంటికి కనబడని చీలికలు మిగులుతాయి. బండ్లు తిరిగే కొద్దీ అవి మూత్రపిండం ఆకారంలో పెరిగి, ఒకనాడు పట్టా విరుగుతుంది.

పగులు ఎదుగుదల తీరు తెలిస్తే తనిఖీ అంతా అర్థమవుతుంది. మొదట చాలాకాలం అది అతి సూక్ష్మం, ఏ పరికరానికీ అందదు. తర్వాత ఏదో ఒక పొడవు దగ్గర పరికరానికి చిక్కుతుంది. అక్కడినుంచి నెమ్మదిగా, పోనుపోనూ వేగంగా సాగుతుంది. చివరికి మిగిలిన లోహం బరువు మోయలేని పొడవు వస్తుంది. అప్పుడు సాగడం ఉండదు, తెగడమే. చిక్కే పొడవుకీ తెగే పొడవుకీ మధ్య ఉన్న కాలమే భద్రతకు దొరికే గడువు. ఉదాహరణకు ఆ గడువు 600 గంటలని లెక్క తేలితే, 600 గంటలకోసారి చూస్తే చాలదు. ఒక తనిఖీలో కన్ను తప్పినా రెండోదాంట్లో దొరకాలి కనుక 200 గంటలకో, 300 గంటలకో చూడాలని రాస్తారు. రైల్వేలో గంటలకు బదులు ఆ పట్టా మీదుగా పోయిన బరువును మిలియన్ టన్నుల్లో లెక్కించి, అంత బరువు పోయేసరికి అల్ట్రాసోనిక్ ట్రాలీ నడపాలంటారు. లెక్క ఒక్కటే.

ఈ ఆలోచన విమాన రంగానికి తేలిగ్గా రాలేదు. మొదట్లో భాగానికి ఒక ఆయుష్షు కట్టి, అన్ని గంటలు కాగానే బాగున్నా తీసి పారేసేవారు. హెలికాప్టర్ రోటర్ భాగాల్లో చాలావాటికి నేటికీ ఆ పద్ధతే. 1954లో కామెట్ జెట్ విమానాలు రెండు మధ్యధరా సముద్రంలో కూలాక, శరీరం మొత్తాన్ని నీటి తొట్టెలో ముంచి ఒత్తిడి పెడుతూ తీస్తూ పరీక్షించి, కిటికీ మూలల దగ్గర మొదలయ్యే పగుళ్లను పట్టుకున్నారు. 1977 మే 14న జాంబియాలోని లుసాకా దగ్గర ఒక బోయింగ్ 707 సరుకు విమానం తోక అడ్డ రెక్క ఊడిపోయి కూలింది. ఒక దూలం పగిలినా మరొకటి మోస్తుందన్న నమ్మకంతో కట్టిన తోక అది. మొదటి దూలం పగిలిందన్న సంగతి తనిఖీలో ఎవరికీ దొరకలేదు, రెండోది ఎక్కువకాలం మోయలేదు. మరుసటి ఏడాది, పగులు ఉంటుందని ముందే అనుకుని, అది ఎంతలో పెరుగుతుందో లెక్కకట్టి, అంతలో దొరికేలా తనిఖీ ఏర్పరచాలన్న నియమం పెద్ద విమానాలకు వచ్చింది. హెలికాప్టర్లకు అది తర్వాత, మెల్లగా వచ్చింది.

ఇప్పుడు అసలు తనిఖీ. ఎక్కువ పగుళ్లు పట్టేది కన్నే. ముందు తోకను శుభ్రంగా కడుగుతారు. నూనె, మసి, దుమ్ము ఉంటే ఏ చూపుకూ ఏమీ కనబడదు. తర్వాత టార్చి లైటును రేకుకు ఏటవాలుగా పట్టి చూస్తారు. నేరుగా వెలుగు వేస్తే కనబడని గీత, పక్కనుంచి వెలుగు పడితే నీడతో బయటపడుతుంది. పదింతలు చూపించే భూతద్దం, మూలల కోసం చేతి అద్దం, లోపలికి దూర్చే బోర్‌స్కోపు కూడా చేతిలో ఉంటాయి. అనుభవం ఉన్నవారు పగులును నేరుగా వెతకరు, దాని జాడలు వెతుకుతారు. రివెట్టు చుట్టూ రంగు పగిలిందా? రివెట్టు వెనక గాలి వాలుకు నల్లటి చార సాగిందా? ఆ చార అల్యూమినియం పొడి. రివెట్టు వదులై రేకు రాపిడికి గురైతే అలా వస్తుంది. హ్యాంగర్లలో ఇంగ్లిషులో దాన్ని పొగ వదిలే రివెట్టు అంటారు. ఒకటి ఉన్నా వదలకూడదు, వరసగా నాలుగు ఉంటే ఆ వరస బరువును వదిలేసిందని అర్థం. ఆ బరువు పక్క వరసకు చేరి ఉంటుంది, పగులు అక్కడ వెతకాలి.

కన్ను అనుమానించిన చోటికి మందు వస్తుంది. రంగు తీసేసి, శుభ్రం చేసి, ఎర్రటి పల్చని ద్రవం పూస్తారు. పది నిమిషాలో అరగంటో ఆగితే అది సన్నని చీలికలోకి తనంతట తానే పీల్చుకుపోతుంది. పైన ఉన్నదంతా తుడిచేసి తెల్లటి పొడి చల్లితే, చీలికలో దాక్కున్న ద్రవం పైకి ఊరి, తెలుపు మీద ఎర్ర గీతగా కనిపిస్తుంది. చవకైనది, నమ్మదగినది. కానీ పైకి తెరుచుకున్న పగులును మాత్రమే చూపిస్తుంది, పనివాడు తుడవడంలో తొందరపడితే అదీ చూపించదు. ఉక్కు బోల్టులకు, ఫిట్టింగులకు ఇంకో దారి ఉంది. అయస్కాంతం చేసి ఇనుప పొడి చల్లితే పగులు అంచున పొడి గుమిగూడుతుంది. అల్యూమినియానికి అది పనికిరాదు.

హెలికాప్టర్ తోకకు అన్నిటికన్నా ఉపయోగపడేది ఎడ్డీ కరెంట్ పరీక్ష. పెన్నులాంటి గొట్టంలో చిన్న తీగ చుట్ట ఉంటుంది. దానిలో వెనకాముందూ మారే విద్యుత్తు పారిస్తే, దగ్గరున్న లోహంలో సుడులు తిరిగే విద్యుత్తు పుడుతుంది. దారిలో పగులు ఉంటే ఆ సుడి పక్కకు మళ్లుతుంది, తెర మీద చుక్క కదులుతుంది. రంగు తీయనక్కర్లేదు. రివెట్టు తీసిన రంధ్రంలోకి తిరిగే ప్రోబు దింపితే, మిల్లీమీటరుకు లోపు పగులు కూడా చిక్కుతుంది. ఆ విద్యుత్తు వెనకాముందూ మారే వేగం తగ్గిస్తే పై రేకును దాటి కింద ఉన్న రేకులోని పగులును కూడా చూడవచ్చు. మందంగా ఉండే అతుకు ఫిట్టింగుల్లోకి అల్ట్రాసోనిక్ ధ్వనిని పంపి, లోపలి నుంచి వచ్చే ప్రతిధ్వనిని చదువుతారు.

భిలాయి రైల్ మిల్లులో వాడేవీ ఈ రెండు పద్ధతులే. 2017లో మొదలైన యూనివర్సల్ రైల్ మిల్లులో 130 మీటర్ల పొడవున ఒకే పట్టా సాగుతుంది, రెంటిని కలిపి వెల్డింగ్ చేస్తే 260 మీటర్లు. ఆ పట్టా కదులుతుండగానే లోపలి లోపానికి అల్ట్రాసోనిక్, పైపొర లోపానికి ఎడ్డీ కరెంట్ చూస్తాయి. రెండు చోట్లా పని మొదలయ్యేది ఒకే తంతుతో. ముందుగా తెలిసిన కొలతలో సన్నని గాటు పెట్టిన ముక్కను పరికరానికి చూపించి, అది ఆ గాటును పట్టిందని రూఢి చేసుకుంటారు. ఆ ముక్క ఏ లోహమో, ఎంత మందమో అసలు భాగంతో సరిపోవాలి. ఇది లేకుండా చేసిన పరీక్షలో ఏమీ దొరకలేదంటే, పగులు లేదని కాదు, పరికరం ఏమంటుందో ఎవరికీ తెలియదని మాత్రమే.

కాంపోజిట్ తోకలో పగులు ఇలా గీతలా రాదు. మధ్యలో తేనెపట్టు అల్లిక, దానికి రెండు వైపులా జిగురుతో అతికిన పలచని పొరలు ఉంటాయి. జిగురు విడిపోతే పైనుంచి చూస్తే ఏమీ మారదు, కానీ బలం బాగా తగ్గుతుంది. దీన్ని పట్టడానికి సంతలో కుండ కొనేవాళ్ల పద్ధతే ఇక్కడా పని చేస్తుంది. చిన్న సుత్తితో తట్టుకుంటూ పోతే బాగున్న చోట కంగుమంటుంది, పొర విడిపోయిన చోట మొద్దుగా పలుకుతుంది. ఇదేదో నాటు పద్ధతి అనుకోవడానికి లేదు. 2009 ఆగస్టు 25న ఖతార్ రాజధాని దోహాలో ఏడబ్ల్యూ139 హెలికాప్టర్ నేల మీద నడుస్తూ ఉండగానే తోక విరిగింది. గాలిలో ఉన్నప్పుడు జరిగి ఉంటే ఏమయ్యేదో చెప్పనక్కర్లేదు. ఆ తర్వాత యూరప్ విమాన భద్రతా సంస్థ అత్యవసర ఆదేశం ఇచ్చి, ఆ రకం హెలికాప్టర్ల తోక పలకలను తట్టి చూడమంది.

తెలుగు నేల మీద ఇలాంటి ఘటన అంతకు నాలుగేళ్ల ముందే జరిగింది. 2005 నవంబరు 25న జార్ఖండ్ ప్రభుత్వం వాడుతున్న ధ్రువ్ హెలికాప్టర్ అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అత్యవసరంగా నేలకు దిగి దెబ్బతింది. విచారణ తోక రోటర్ దగ్గరికి తీసుకెళ్లింది. దాని రెక్కల కాంపోజిట్ పదార్థంలో లోపం ఉంది. ఒక్క హెలికాప్టర్‌తో ఊరుకోకుండా దేశంలోని ధ్రువ్‌లన్నిటినీ నేల మీద నిలిపేశారు. రెక్కల పదార్థం మార్చి, మళ్లీ పరీక్షించి, 2006 మధ్యలో ఎగరడానికి అనుమతించారు. ఆ నిర్ణయం సైన్యానికి ఖరీదైనదే, కానీ సరైనది. ఒక యంత్రంలో దొరికిన లోపం ఆ అచ్చులో పోసిన అన్నిటిలోనూ ఉందనే అనుకోవాలి, లేదని రుజువయ్యేదాకా.

పగులు దొరికాక ఏం చేయాలి? మొదటి ప్రశ్న, మరమ్మతు చేయవచ్చా అనేది. తయారీదారు ఇచ్చే మరమ్మతు మాన్యువల్‌లో ఎక్కడ, ఎంత పొడవు పగులుకు ఏ మరమ్మతు చేయవచ్చో, ఏది దాటితే భాగం మార్చాలో ఉంటుంది. అతుకు ఫిట్టింగు పగిలితే సాధారణంగా మరమ్మతు ఉండదు, మార్పే. పట్టాలకైతే ఈ మీమాంస తక్కువ. పగిలిన చోట తాత్కాలికంగా ఫిష్ ప్లేట్లు బిగించి బండ్లను మెల్లగా పంపుతారు, తర్వాత ఆ ముక్క కోసి కొత్తది వెల్డింగ్ చేస్తారు. అల్యూమినియం తోకకు వెల్డింగ్ పనికిరాదు. వేడికి ఆ మిశ్రమ లోహం బలం పోతుంది. రివెట్లే దిక్కు.

రేకులో చిన్న పగులు ఉంటే దాని కొసన చిన్న రంధ్రం వేస్తారు. పగులును ఆపడానికి లోహాన్ని ఇంకా కోయడమేమిటని కొత్తవారికి వింతగా అనిపించవచ్చు. పగులు కొస కత్తి మొనలా ఉంటుంది, ఒత్తిడంతా ఆ మొన మీదే పోగవుతుంది. గుండ్రటి రంధ్రం ఆ మొనను మొద్దుబారుస్తుంది. అయితే రంధ్రం పగులు అసలు కొసను దాటి పడాలి. కంటికి కనబడే కొస దగ్గర వేస్తే, కనబడని కొస రంధ్రానికి అవతల మిగిలి, మళ్లీ నడక మొదలుపెడుతుంది. అందుకే రంధ్రం వేశాక ఎడ్డీ కరెంట్‌తో మళ్లీ చూస్తారు. ఇది కూడా చాలాచోట్ల తాత్కాలికమే.

శాశ్వత మరమ్మతు అంటే దెబ్బతిన్న భాగం కోసి తీసి, మూలలు గుండ్రంగా చేసి, పైన అతుకు రేకు వేయడం. అతుకు మందం పాత రేకు మందంతో సమానంగానో, ఒక మెట్టు ఎక్కువగానో ఉండాలి. మరీ మందంగా వేయడం బలమనిపిస్తుంది, నిజానికి అది తప్పు. బిరుసైన అతుకు బరువును తన వైపు లాక్కుని, తన అంచున ఉన్న మొదటి రివెట్ల వరస మీద కుమ్మరిస్తుంది. కొత్త పగులు అక్కడ పుడుతుంది. రివెట్టుకు రేకు అంచు కనీసం రెండు రివెట్ల వ్యాసమంత దూరం ఉండాలి, రివెట్టుకీ రివెట్టుకీ మధ్య మూడు వ్యాసాలైనా ఉండాలి. రేకుల మధ్య తేమ చేరకుండా సీలెంట్ పూయాలి. అల్యూమినియానికి ఉక్కు తగిలితే తేమతో కలిసి తుప్పు పుడుతుంది కనుక ఆ రెంటినీ వేరు చేసే పూత ఉండాలి.

మరమ్మతు తప్పితే ఏమవుతుందో తెలిపే రెండు ఘటనలు విమాన చరిత్రలో ఉన్నాయి. రెండూ తోకవే, రెండూ పెద్ద విమానాలవి. 1978 జూన్ 2న జపాన్‌లో ఒక బోయింగ్ 747 దిగుతూ తోకను రన్‌వేకు రాసింది. క్యాబిన్‌లోని గాలి ఒత్తిడిని ఆపే వెనక గోడ దెబ్బతింది. మరమ్మతులో కలిపే పలక ఒక్కటే ముక్కగా ఉండాల్సిన చోట రెండు ముక్కలుగా కోసి వేశారు. ఫలితంగా బరువు రెండు వరసల రివెట్ల మీదికి వెళ్లాల్సింది ఒక్క వరస మీద పడింది. పైకి చూస్తే అతుకు సరిగ్గానే ఉంది. ఏడేళ్లు, 12 వేలకు పైగా ప్రయాణాలు గడిచాక 1985 ఆగస్టు 12న ఆ గోడ చీలి, నిలువు రెక్క ఊడిపోయింది. 520 మంది చనిపోయారు, నలుగురే బతికారు. రెండోది తైవాన్‌కు చెందిన 747. 1980 ఫిబ్రవరిలో హాంకాంగ్‌లో తోక నేలను రాసింది. గీతలు పడిన రేకును తీసేయకుండా దాని మీదే అతుకు వేశారు. అతుకు కింద ఆ గీతలు పగుళ్లయి 22 ఏళ్లు ఎవరికీ కనబడకుండా పెరిగాయి. 2002 మే 25న విమానం గాలిలోనే ముక్కలై 225 మంది పోయారు. కంటికి నీటుగా కనిపించే అతుకు పగులును మాన్పకపోగా దాచిపెట్టగలదని దీనికన్నా స్పష్టంగా చెప్పే ఉదాహరణ మరొకటి లేదు.

కాంపోజిట్ తోకకు మరమ్మతు చేసేవారికి రివెట్లతో పని తక్కువ, ఓపికతో ఎక్కువ. విడిపోయిన పొరలను అంచులు మెట్లు మెట్లుగా వచ్చేలా అరగదీస్తారు. ప్రతి పొరకూ నార ఏ కోణంలో ఉందో చూసి, అదే కోణంలో కొత్త పొర పరుస్తారు. పైన ప్లాస్టిక్ సంచీ కప్పి గాలి లాగేసి, వేడి దుప్పటి కప్పి గంటల తరబడి ఉడికిస్తారు. చాలా జిగుర్లకు 120 డిగ్రీల చుట్టుపక్కల వేడి కావాలి. తేనెపట్టులో నీరు మిగిలి ఉంటే ఆ వేడికి ఆవిరై పొరలను మళ్లీ ఊడదీస్తుంది కనుక, ముందు ఆరబెట్టడానికే రోజులు పట్టవచ్చు.

మరమ్మతు అయ్యాక హెలికాప్టర్‌ను తూచాలి. అతుకు బరువు ఒక కిలోనే అయినా, అది బరువు కేంద్రానికి ఆరు మీటర్ల వెనక ఉంటే, కేంద్రానికి మీటరు దూరంలో ఆరు కిలోలు పెట్టినంత ప్రభావం. తోక బరువెక్కితే పైలట్ చేతిలోని కంట్రోలుకు ముందుకు నెట్టే జాగా తగ్గుతుంది. తోక నిటారుగా ఉందా, డ్రైవ్ షాఫ్టు గీత తప్పలేదా అని కొలుస్తారు. తర్వాత నేల మీదే రోటర్ తిప్పి, అదురును సెన్సర్లతో చూస్తారు. తోక రోటర్ తూకం కొంచెం తప్పినా, పగులు పుట్టడానికి కారణమైన అదురే మళ్లీ మొదలవుతుంది. పగిలిన చోటును బాగుచేసి, పగిలించిన కారణాన్ని వదిలేస్తే మరో వంద గంటలకు అదే హెలికాప్టర్ అదే హ్యాంగర్‌కు తిరిగి వస్తుంది.

ఈ పనికి కట్టుదిట్టమైన కాగితపు దారి ఉంది. మన దేశంలో పౌర హెలికాప్టర్ల మరమ్మతు, పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ అనుమతి ఉన్న సంస్థల్లోనే జరగాలి. టర్బైన్ ఇంజను హెలికాప్టర్‌కు బీ1.3 తరగతి లైసెన్సు ఉన్న ఇంజనీరు సంతకం కావాలి. తయారైన దేశపు భద్రతా సంస్థ ఒక రకం తోక మీద తప్పనిసరి తనిఖీ ఆదేశిస్తే, ఇక్కడ ఎగిరే ఆ రకం హెలికాప్టర్లకు కూడా అది వర్తిస్తుంది. పరీక్ష చేసేవారికి పద్ధతి పద్ధతికీ విడిగా మూడు స్థాయిల అర్హతలు ఉంటాయి. దగ్గరి చూపు సరిగ్గా ఉందో లేదో ఏటా పరీక్షించుకోవాలి.

తెలుగు ప్రాంతానికి ఈ రంగంతో సంబంధం ఇప్పుడు పెరిగింది. హైదరాబాద్ దగ్గరి ఆదిభట్లలో 2018 నుంచి అపాచీ యుద్ధ హెలికాప్టర్ల శరీరాలు తయారవుతున్నాయి. సీ-130జే రవాణా విమానాల తోకలు కూడా అక్కడే కట్టి అమెరికాకు పంపుతున్నారు. భిలాయిలో, విశాఖలో ఉక్కు మీద అల్ట్రాసోనిక్ నేర్చుకున్న యువతకు ఆ పరికరాలు తెలిసినవే. అయితే పట్టాల మీద సంపాదించిన అర్హత విమానానికి చెల్లదు. విమాన భాగాల మీద శిక్షణ గంటలు వేరుగా పూర్తిచేసి, పనిచేసే విమాన సంస్థ పెట్టే పరీక్ష మళ్లీ రాయాలి. ఆసక్తి ఉన్నవారు ఎడ్డీ కరెంట్‌తో మొదలుపెట్టడం మంచిది. పలచని రేకులకు ఎక్కువగా అడిగేది అదే.